సామికి ఎన్ని ముద్దలు

పాకాల చుట్టుపట్ల ఏ పల్లెలో చెక్కభజన నేర్చుకోవాలన్నా దొరస్వామిని పిలవాల్సిందే. యాభై ఐదు దాటిన మనిషి. మెడదాకా జుట్టు, నుదుట నామం, గుండెల మీద వేలాడే ఈల, ఒక పాత టీవీఎస్ బండి, దాని వెనక గుడ్డసంచీలో చెక్కలూ గజ్జెలూ. ఒక ఊళ్ళో ఆ సంచీ దించాడంటే నెలన్నర దాకా మళ్ళీ ఎత్తడు. ఊరంతా ఆయన్ని ‘సామీ’ అంటుంది. ఆయన కూడా అలా పిలిస్తేనే పలుకుతాడు.

చెక్కభజన అంటే చాప మీద కూర్చుని తాళం వేస్తూ పాడుకునేది కాదు. చేతిలో ఇత్తడి బిళ్ళలు కట్టిన చెక్కలు, కాళ్ళకు గజ్జెలు. పాట పాడాలి, చెక్కలు వాయించాలి, గిరగిరా తిరగాలి, ఎగరాలి, గొంతుక్కూర్చుని మళ్ళీ అదే ఊపులో లేవాలి. పాట సగంలో ఉండగానే ఒళ్ళంతా చెమట కారిపోతుంది. అందుకే దొరస్వామి దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. ఎగిరేవాడికి ఎంత తిన్నా కరిగిపోతుందని. వయసులో ఉన్నప్పుడు ఆ సిద్ధాంతం అక్షరాలా నిజం. మూడు రాగిసంగటి ముద్దలు తినేవాడు, అవి చెమటతో పాటే దిగిపోయేవి, ఒళ్ళు వెదురుబద్దలా ఉండేది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, కొన్నేళ్ళుగా ఆయన ఎగరడం మానేసి ఈల ఊదుతున్నాడు. మొదటి రోజు లేచి అడుగు వేసి చూపిస్తాడు. మర్నాటి నుంచి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. ఎగిరేవాళ్ళు ఎగురుతారు, వాళ్ళ చెమట చూసి ఈయనకు ఆకలవుతుంది. ముద్దలు మాత్రం మూడుకు మూడూ అలాగే ఉన్నాయి.

గురువు భోజనం ఊళ్ళో వంతుల మీద నడుస్తుంది. రోజుకొక ఇల్లు. వంతు వచ్చిన ఇంట్లో పొద్దున్నుంచీ పెళ్ళిచూపుల హడావుడి. సామి ఎంత తింటే ఆ ఇంటికి అంత పరువు. పైగా ఇప్పుడు ఫోన్లొచ్చాయి. పాటలు పంపుకోవడానికని ప్రతి భజన బృందమూ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటుంది గానీ, అందులో పాటల కంటే సామి కంచం ఫోటోలే ఎక్కువ. తెల్లారి పాల కేంద్రం ముందు క్యాన్లతో నిలబడ్డ ఆడవాళ్ళు మొదట అడిగేది పాల ధర కాదు.

“సామికి ఎన్ని ముద్దలు పెట్టినారు మే?”

“మూడు. మూడోది ఆయనే అడిగి ఏయించుకున్నాడు.”

అలా చెప్పగలిగిన ఇల్లాలికి ఆ రోజు ఊళ్ళో ఎదురు లేదు.

ఈసారి మకాం ఊటబావిపల్లెలో. ఆ ఊళ్ళో వయసులో ఉన్న మగవాళ్ళలో సగం మంది రేణిగుంట గోడౌన్లలో ఉంటారు, మిగతా సగం శ్రీ సిటీ ఫ్యాక్టరీల బస్సుల్లో ఉంటారు. ఎగిరే భజనకు మిగిలింది ఆడవాళ్ళే. పదిహేనుమంది పేర్లిచ్చారు. పెరటాసి నెలలో, తిరుమల బ్రహ్మోత్సవాల్లో, వాహనం ముందర మాడవీధుల్లో ఆడే అవకాశం కూడా వాళ్ళకు దొరికింది. కబురు తెలిసిన రోజు ఊరంతా ఒకటే సంబరం. ఒక చిక్కు మాత్రం ఉంది. చెక్కభజన జతలుగా ఆడేది, పదిహేనుమందికి జతలు కుదరవు. పదహారో మనిషిగా గురువే దిగాలి, అదీ ముందు వరసలో. దొరస్వామికి ఈ మాట పాయసం తాగినట్టుంది. వాహనం ముందు, మొదటి వరసలో, కాళ్ళకు గజ్జెలతో ఆయన ఆడి చాలా కాలమైంది.

ముందు వరసలో ఆయనకు జతగా భారతమ్మ కుదిరింది. యాభైకి అటూ ఇటూ ఉంటుంది, ఎల్లప్ప భార్య. రెండు పాడి ఆవులు, ముక్కాలెకరా చెనక్కాయ చేను, ఇంటి చాకిరీ, ఇవన్నీ అయ్యాక భజన. ఆమె ‘గోవిందా’ అని ఎత్తుకుంటే ఆఖరి వరస దాకా ఒళ్ళు జల్లుమనేది. ఆ గొంతు లేకపోతే బృందం లేదని దొరస్వామే పదిమందిలో చెప్పాడు.

ఒక సాయంత్రం పాల కేంద్రం ముందున్న సిమెంటు నేల మీద కూర్చుని లేచే అడుగు మొదలుపెట్టారు. ఎదురెదురుగా ఇద్దరూ గొంతుక్కూర్చోవాలి, చెక్కకు చెక్క తగిలించాలి, పాట ఆగకుండా లేవాలి. దొరస్వామి గజ్జెలు కట్టుకుని దిగాడు. కూర్చున్నాడు. చెక్క తగిలించాడు. పదిహేనుమందీ లేచారు. ఆయన అక్కడే ఉన్నాడు.

మొదట భక్తిలో ఉన్నాడేమో అనుకున్నారు. తర్వాత ఆయన ముఖం కందగడ్డలా అవడం చూశారు. భారతమ్మ చప్పున చెయ్యి అందించి, పాలక్యాను ఎత్తినట్టు ఒక్క ఊపున ఆయన్ని పైకి లేపి, పాట మధ్యలో తెగకుండా అందుకుంది. ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భజన ముగిశాక, తిరుమలయ్య కోడలు కోమలి పక్కనున్న ఆమెతో మెల్లగానే అంది. మెల్లగా అన్నవే గదా బాగా వినపడేది.

“ముందు వరసకు పులిచెర్ల గిరిప్రసాదన్నను అడగతామా మే? కొండ మీద, అంతమంది ముందర సామి ఇట్ల కూలబడితే మన గతేంది?”

గిరిప్రసాద్ ఎవరో కాదు, దొరస్వామి శిష్యుడే. సన్నగా గాలికి ఎగిరేలా ఉంటాడు. ఆ పేరు వినగానే దొరస్వామి గజ్జెలు విప్పి సంచీలో పడేశాడు. తన చోటులో తన శిష్యుడు ఆడుతుంటే తను పక్కన నిలబడి ఈల ఊదడం, అదీ దేవుడి ఎదురుగా! అంతకంటే బండి అమ్ముకుని ఇంట్లో కూర్చోవడం నయమనిపించింది.

ఆదివారం పాకాలలో ఇంటికి వెళ్ళినప్పుడు, కొండకు కట్టుకోవలసిన పట్టు నడికట్టు తీసి నడుముకు చుట్టుకున్నాడు. ముడి పడడానికి జానెడు చాల్లేదు. భార్య నిర్మలమ్మ ఏమీ అనకుండా పాత చీర అంచు ఒకటి వెతికి దానికి కుట్టుపెట్టడానికి కూర్చుంది.

“ఈ గుడ్డ ముడుసుకుపోయిందే,” అన్నాడు దొరస్వామి.

“ముడుసుకుపోలా. నువ్వు విచ్చుకున్నావు.”

“ఎగిరే ఒళ్ళు, తినకుంటే ఎట్లే? తిన్నదంతా కరిగిపోతాది గదా.”

నిర్మలమ్మ సూది ఆపి మొగుడి వంక చూసింది. “యాడ ఎగరతాండావని కరిగేదానికి? ఎగిరేది వాళ్ళు, తినేది నువ్వు.”

“గురువంటే ఊరికేనా? పొద్దుగూకులూ ఈల ఊదాల్నా వద్దా?”

“ఊదితే తగ్గేది బుగ్గలు. పొట్ట గాదు.”

దొరస్వామి ఊటబావిపల్లెకు తిరిగి వస్తూ దారిపొడవునా ఆలోచించి, ఒక్క ముద్దతో లేవాలని, రెండో ముద్ద వచ్చేలోపు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాలని ఒట్టు పెట్టుకున్నాడు.

సోమవారం తిరుమలయ్య ఇంట్లో వంతు. కోమలి అలసంద వడలు చేసింది. వేడి వేడి వడలు, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి, సంగటి, దాని గుంటలో నిండా నెయ్యి. ఒట్టు పెట్టుకున్నప్పుడు దొరస్వామి వడల గురించి ఆలోచించలేదు. అందుకని ఒట్టు రేపటి నుంచి మొదలని తనకు తనే సర్ది చెప్పుకున్నాడు. మూడు ముద్దలు, గుట్టగా వడలు ఉన్న కంచం ఫోటో చేతులు కడుక్కునేలోపే గ్రూపులో పడింది.

మంగళవారం భారతమ్మ ఇంట్లో వంతు. తిరుమలయ్య ఇంటికీ ఎల్లప్ప ఇంటికీ గోడ ఒకటే. ఆ గోడకు అటూ ఇటూ ఎవరింట్లో పోపు పెట్టినా ఇంకొకరికి తుమ్ములొస్తాయి, పోటీ కూడా వస్తుంది. పక్కింటి వడల ఫోటో చూశాక భారతమ్మ ఊరుకుంటుందా? రాగులు కొత్తగా పట్టించింది. గోంగూర పుల్లగూర, ఉలవచారు, ఓలిగలు. ఎల్లప్ప ఫోను చేత్తో పట్టుకుని, కంచం ఎప్పుడు నిండుతుందా అని కాచుకుని నిలబడ్డాడు.

మొదటి ముద్ద ఉలవచారులో ఈదుకుంటూ వెళ్ళిపోయింది. భారతమ్మ రెండో ముద్ద తెచ్చింది. దొరస్వామి కళ్ళు మూసుకుని, వెంకటేశ్వరస్వామిని తలుచుకుని, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ ఊళ్ళో ఎవరైనా అలా చెయ్యి పెడితే దానికి ఒకటే అర్థం. వంటలోనన్నా లోపం ఉండాలి, పెట్టిన మనసులోనన్నా ఉండాలి. భారతమ్మ ముద్ద చేత్తో పట్టుకునే అడిగింది.

“ఏం సామీ, ఉప్పెక్కువయిందా?”

“లేదు తల్లీ.”

“సంగటి సరింగా ఉడకలేదా?”

“బెమ్మాండంగా ఉండాది.”

“మరి?”

పొట్ట పెరిగింది తల్లీ, కూర్చుంటే లేవలేకపోతున్నాను, అని ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ గురువన్నవాడు తన పొట్ట గురించి శిష్యురాలి ముందు మాట్లాడతాడా? పెద్దరికం అడ్డొచ్చింది.

“నిన్నటి నుంచి కడుపులో బాగలేదు తల్లీ,” అనేశాడు.

అబద్ధం ఆడదలుచుకున్నవాడు ‘కడుపులో బాగలేదు’ దగ్గర ఆగాలి. ‘నిన్నటి నుంచి’ అని కలపడం ఎందుకు? నిన్న తిన్నది ఎవరింట్లో? ఎల్లప్ప, ఏం చెయ్యాలో తోచక, ఖాళీగా ఉన్న ఆ కంచాన్నే ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు.

మర్నాడు పాల కేంద్రం దగ్గర పాలు విరగలేదు గానీ మిగతావన్నీ విరిగాయి.

“మా వడలు తిని కడుపు సెడిందంటనా?” కోమలి క్యాను కింద పెట్టేసింది. “మా ఇంటిల్లిపాదీ తిన్నాం, ఒగరికీ ఏం గాలే. ఈమింట్లో ఉలవచారు వాసనకే ఆయనకు కడుపులో తిప్పినట్టుండాది.”

“మా ఇంట్లో తిన్నది ఒగే ముద్ద,” అంది భారతమ్మ. “ఒగ ముద్దకు కడుపు సెడతాదా? గంపెడు వడలకి సెడతాదా? నువ్వే సెప్పు.”

ఆ సాయంత్రం భజనకు కోమలి రాలేదు. భారతమ్మ కూడా రాలేదు. చెరో ఇద్దరు వాళ్ళ పక్షాన మానేశారు. మిగిలినవాళ్ళు జతలు కుదరక ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ‘గోవిందా’ అని ఎత్తుకోవడానికి గొంతు లేదు. గ్రూపులో ఫోటోలు ఆగిపోయాయి. కోమలి పెట్టిన ఒక్క కబురు మాత్రం వచ్చింది. “గిరిప్రసాదన్నతో మాట్లాడినా, రమ్మంటే వస్తాడంట.”

ఇక ఊరు మర్యాద గల ఊరు. సామికి కడుపు బాగలేదని తెలిశాక ఊరుకుంటారా? బుధవారం వంతు ఇంట్లో ఉప్పులేని మజ్జిగన్నం పెట్టారు. గురువారం ఇంట్లో దానిమ్మ తొక్కల కషాయం ఇచ్చి, దాన్ని దింపుకోవడానికి గరిటెడు జావ పోశారు. ఊరగాయ అడిగితే ఆ ఇంటి ముసలమ్మ, “నోరు కట్టుకో సామీ,” అని కసిరింది. తగ్గించుకోవాలని ఆయన అనుకున్న మాట నిజమే గానీ మరీ ఇంత అనుకోలేదు. పడుకుంటే కడుపులోంచి ఈల వినబడుతోంది. శుక్రవారం మధ్యాహ్నానికి దొరస్వామికి కళ్ళు తిరిగాయి, బుద్ధి కూడా తిరిగింది. లేచి తిన్నగా భారతమ్మ ఇంటికి వెళ్ళాడు.

ఎల్లప్ప బయట మంచం మీద ఉన్నాడు. “దొడ్లో ఉండాది, పోండి సామీ. నాతో గూడా మాట్లాడ్డం లేదు. ఫోటో ఎవుడు తీయమన్నాడని.”

దొరస్వామి ఇంటి పక్కగా దొడ్లోకి నడిచాడు. అప్పుడే దించినట్టుంది, గడ్డిమోపు గోడవారన పడి ఉంది. పొయ్యి పక్కన భారతమ్మ సంగటి కుండ ఒళ్ళో పెట్టుకుని గరిటెతో అడుగు గీకుతోంది. మాడు, మాడుతో పాటు ఊడొచ్చిన సంగటి. అంతా కలిపి ముద్ద కడితే నిమ్మకాయ కంటే కొంచెం పెద్దది. పక్కన గ్లాసుడు మజ్జిగ, కొరికిన ఎర్రగడ్డ. ఆయన్ని చూసి కుండను వెనక్కి జరిపి కొంగు కప్పింది, దొంగతనం బయటపడ్డట్టు.

“కూసో తల్లీ, తిను. పొద్దన్నుంచి ఇదేనా తినేది?”

“పొద్దన టీ తాగినా గదా సామీ.”

దొరస్వామి గడ్డిమోపు వంక చూశాడు. అది ఆమె నడుమంత ఎత్తుంది. పొద్దున పాలు పితికింది, చేన్లో కలుపు తీసింది, గడ్డి కోసింది, అందరికీ వండింది. ఇన్నాళ్ళూ సాయంత్రమైతే తన ఎదురుగా నిలబడి, కూర్చుని, లేచి, అవసరమైతే తనను కూడా లేపింది. ఇంత ఎగిరే మనిషికి ఇంత ముద్ద. కుర్చీలో కూర్చున్నవాడికి మూడు. దొరస్వామికి సిగ్గేసింది. నేల మీద కూలబడిన రోజు వేసిన సిగ్గు నలుగురూ చూశారని వేసింది. ఇది ఎవరూ చూడకపోయినా వేసే సిగ్గు.

“ఎప్పుడూ ఇంతేనా?”

“మా ఇంట్లో కొలత ఒగటే సామీ. వచ్చినోళ్ళకు, మొగోళ్ళకు, పిల్లోళ్ళకు. మిగిలింది నాకు. పిండి ఎంత ఏసినా మిగిలేది మాత్రం ఇంతే, అదేం మాయో తెలీదు.” భారతమ్మ ఒక్క క్షణం ఆగి, గోడకు అటువైపు వినపడకుండా గొంతు తగ్గించింది. “ఆ పొద్దు మీరు సెయ్యి అడ్డం పెడ్తిరి గదా. మీకని కట్టిన రెండు ముద్దలూ అట్నే మిగిలిపాయ. కోపమొచ్చి, కూసోని, రెండూ నేనే తిన్నా. నెయ్యితో సహా.”

“తింటివా?”

“తిన్నా. నిజం సెప్పాలంటే సామీ, కోపం మింద తిన్నానో ఏమో, శానా బాగుండె. తెల్లార్తో లేస్తే కాళ్ళల్లో ఏం సత్తువ! ఆ పొద్దు ఎత్తినంత మోపు ఎప్పుడూ ఎత్తలా. అంత మోపు నెత్తిన పెట్టుకోనే మిమ్మల్ని తిట్టుకుంటా వచ్చినా.”

దొరస్వామి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. పెద్దరికమంతా పక్కన పెట్టి పొయ్యి గట్టు మీద కూర్చున్నాడు. “కడుపులో బాగలేదన్నది అబద్ధం తల్లీ. కడుపే ఎక్కువైంది. కూసుంటే లేసేదానికి కాలేదు. దానికని తగ్గించుకుందామనుకున్నా.”

“ఆ ముక్క సెప్పేదానికి ఇంత రంపు సేయాల్నా? మాకు తెలీదా యేంది? లేపింది నేనే గదా.”

ఆ సాయంత్రం ఆయన పదిహేనుమందినీ పిలిపించాడు. కోమలి వచ్చింది గానీ గోడవైపు తిరిగి నిలబడింది. దొరస్వామి ఈల తీసి జేబులో పెట్టుకుని తన పొట్ట సంగతి అందరి ముందూ చెప్పాడు. వడల తప్పు లేదు, ఉలవచారు తప్పు లేదు, తప్పంతా దీనిదేనని పొట్ట మీద చెయ్యి వేసి చూపించాడు. కోమలి ఇటు తిరిగింది.

“ఇంగ ఈ పొద్దు నుంచి ఒగ మాట,” అన్నాడు. “యే ఇంట్లో వంతైతే, ఆ ఇంటామె నా పక్కన ఆకేసుకోని కూసోవాల. ఆమె ఎంత తింటే నేనంత తింటా. దానికంటే ఒగ మెతుకు ఎక్కువ లేదు, తక్కువ లేదు.”

గోల మొదలైంది. ఆడవాళ్ళు సామితో సమానంగా కూర్చోవడమా? ముందు తినడమా? ఊరేమంటుంది?

“సెక్కలు నాతో సమానంగా కొడతాండారు గదా? అప్పుడేమన్నె ఊరు?”

“అది సరే సామీ,” అంది కోమలి. “మేం గూడా కూసుంటే మరి వడ్డించేదెవురు?”

అందరి కళ్ళూ అరుగు మీద వేడుక చూస్తున్న మగవాళ్ళ వైపు తిరిగాయి. ఎల్లప్ప చిన్నగా లేచి వెళ్ళిపోబోయాడు గానీ భారతమ్మ, “యాడికి?” అంది.

జరిగిన అవమానం తీరాలని మొదటి వంతు భారతమ్మకే ఇచ్చారు. రెండు ఆకులు పక్కపక్కన వేశారు. ఎల్లప్ప చేతికి తడి చేసుకోకుండా ముద్ద కట్టబోయాడు. సంగటి వేళ్ళకు అంటుకుని ఆకులో పడదు, నోటితో ఊదుకుంటూ చెయ్యి విదిలిస్తే సగం గోడ మీద పడింది. కట్టినవి మాత్రం పెద్దవే కట్టాడు. సామికి చిన్న ముద్ద పెడితే పరువేముంటుందని భారతమ్మ ముందే చెప్పిపెట్టింది. అలా చెప్పినప్పుడు తన ఆకులో కూడా అంతే పడుతుందని ఆమె ఆలోచించలేదు. మొదటి ముద్ద ఇద్దరూ సులువుగానే తిన్నారు. రెండోది సగమయ్యాక భారతమ్మ కళ్ళు తేలేసింది.

“సామీ, మీరు సాలంటే నేనూ సాలంటా.”

“నువ్వు సాలంటేనే తల్లీ నేననేది.”

గురువు కంటే ముందు చెయ్యి కడగనని ఆమె, మాట తప్పనని ఆయన. ఇద్దరూ పంతం మీద ముగించారు. ముగించాక ఇద్దరూ లేవలేకపోయారు. ఎల్లప్ప ఒక చేత్తో పెళ్ళాన్ని, ఒక చేత్తో గురువును లాగి నిలబెట్టాడు.

తర్వాత కొలత దానంతటదే కుదిరింది. ఇన్నాళ్ళూ ముద్ద ఫోటో కోసం కట్టేవాళ్ళు. ఇప్పుడు తామే తినాలి కాబట్టి ఆకలి కోసం కట్టడం మొదలుపెట్టారు. రోజంతా చేన్లో వంగిన ఆమె ఇంట్లో రెండు ముద్దలు, గొంతు నొప్పితో పడుకుని లేచిన ఆమె ఇంట్లో ఒకటి. పెరటాసి శనివారం వంతు వచ్చిన ఇల్లాలు ఒక్కపొద్దు. ఆమె ఒక అరటిపండు తిని నీళ్ళు తాగింది. దొరస్వామి కూడా ఒక అరటిపండు తిని, రెండో పండు వంక చాలాసేపు చూసి, నీళ్ళు తాగాడు. ఆకలికి ఓర్చుకోవాలంటే ఊరికే కూర్చోకూడదని అర్థమై గజ్జెలు కట్టి అందరితో పాటే ఎగరసాగాడు. ప్లాస్టిక్ కుర్చీ పాల కేంద్రం లోపలికి పోయింది. గిరిప్రసాద్ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. గ్రూపులో ఇప్పుడు కంచాలు జంటగా కనబడుతున్నాయి. పాల కేంద్రం దగ్గర ప్రశ్న కూడా మారింది.

“రాత్రి నువ్వు ఎన్ని తింటివి మే?”

కొండ మీద వాహనం కదిలింది. మాడవీధికి రెండు పక్కలా జనం, గోవిందా అన్న కేక ఆగడం లేదు. ఊటబావిపల్లె బృందం పసుపు చీరల్లో ముందుకు వచ్చింది. దొరస్వామి నడికట్టు ముడి పడింది, నిర్మలమ్మ కుట్టిన అతుకు మడతలోకి పోయింది. భారతమ్మ ఎత్తుకుంది. కూర్చుని లేచే అడుగు వచ్చింది. దొరస్వామి కూర్చున్నాడు. మోకాళ్ళు చిన్నగా పటుక్కుమన్నాయి. ఎదురుగా భారతమ్మ చెయ్యి అలవాటు కొద్దీ కాస్త ముందుకు వచ్చింది. ఆయన ఆ చేతిలోని చెక్కకు తన చెక్క గట్టిగా తగిలించి, ఎవరి సాయమూ లేకుండా లేచాడు. రెండోసారి కూడా లేచాడు. మూడోసారి లేచేటప్పుడు ఆయనకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చెమట అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పాకాలలో ఇంటికి చేరాడు. స్నానం చేసి పీట మీద కూర్చుంటే నిర్మలమ్మ ఎప్పటిలాగే కంచం తెచ్చి ముందు పెట్టింది, గరిటె పట్టుకుని పక్కన నిలబడింది. దొరస్వామి కంచం ముట్టుకోలేదు.

“నీ కంచమేది?”

“నేను మల్లా తింటాలే. నువ్వు తిను.”

“తెచ్చుకో. నువ్వెంత తింటావో సూడాల.”

ముప్పై ఏళ్ళ కాపురం. ఊరూరా ఇంతమంది ఆడవాళ్ళ ఆకలి కనుక్కున్నాడు గానీ, ఈమె ఎంత తింటుందో, ఎప్పుడు తింటుందో ఆయనకు తెలియదు. ఒక్కసారైనా అడిగి ఉండాల్సిందని ఇప్పుడు బాధగా అనిపించింది. నిర్మలమ్మ గరిటె కింద పెట్టి ఆయన నుదురు తాకి చూసింది.

“యేమయ్యా, ఒంట్లో బాగుండాదా?”

“బాగుండాది. కూసో.”

ఆమె కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. తర్వాత చెయ్యి తడి చేసుకుని, కుండలో చెయ్యి పెట్టి, తీరిగ్గా ముద్ద కట్టి తన కంచంలో పెట్టుకుంది. దొరస్వామి దాన్ని చూసి తన కంచం వంక చూసుకున్నాడు. ఆమె ముద్ద ఆయన ముద్దకు ఒకటిన్నర ఉంది.

“ఏంది అట్ల సూస్తావు? నా ఆకలి ఇంత. ఎప్పుడూ ఇంతే. ఇన్నాళ్ళూ ఎవురన్నా అడిగితే గదా.”

“నాకూ అంతే పెట్టు మరి,” అన్నాడు దొరస్వామి కంచం ముందుకు జరుపుతూ. “ఇంటామె ఎంత తింటే నేనూ అంతేనని ఊరంతా ఒప్పందం అయింది.”

నిర్మలమ్మ కుండ మీద మూత పెట్టేసింది.

“నువ్వు ఈ పొద్దు ఏం ఎగిరినావని?” అని తన ముద్దకు గుంట చేసి నెయ్యి పోసుకుంది.